మాయా నగరానికి పెరటి గుమ్మం

అరుంధతికి ఏదైనా ఒకసారి తలకెక్కిందంటే దిగదు. తణుకులో పదో తరగతి చదివే రోజుల్లో సోషల్ పుస్తకం మొత్తం అప్పజెప్పేది. మొత్తం అంటే అట్టమీది పేరునుంచి చివరి పేజీలో ప్రెస్సువారి చిరునామాదాకా. ఇంటర్మీడియట్‌కి గుడివాడ పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. అక్కడ కోడి కూయకముందే గంట కొట్టి, ఆడపిల్లల్ని మెట్లమీద వరసగా కూర్చోబెట్టి బట్టీ పట్టించేవారు. కెమిస్ట్రీ పుస్తకంలో ఒకచోట అచ్చుతప్పు పడితే అరుంధతి ఆ తప్పుతో సహా పరీక్షలో దించేసింది. దిద్దినాయన కూడా అదే పుస్తకం బట్టీ పట్టినవాడు కావడంతో మార్కులేమీ తగ్గలేదు. చదివేటప్పుడు ఎక్కడ పేజీ తిప్పిందో అప్పజెప్పేటప్పుడూ, పరీక్ష రాసేటప్పుడూ సరిగ్గా అక్కడే ఆగి, చూపుడువేలు నాలుకకి తాకించి, మళ్ళీ అందుకునేది. ఆ వేలు చూసి ఇన్విజిలేటరు ఆమె బల్లకింద పుస్తకం కోసం వెతికాడు. దొరక్కపోయేసరికి బల్లనే తిరగేశాడంటారు.

ఈ విద్యకి ఒకే ఒక్క లోపం. మధ్యలో ఎవరైనా పలకరిస్తే దారం తెగేది. తెగినచోట ముడి వెయ్యడం ఆమెకి రాదు, మళ్ళీ మొదటినుంచి రావలసిందే. పెళ్ళిచూపుల్లో కీర్తన పాడుతుంటే కాబోయే మామగారు సుధాకరరావు తుమ్మారు. పిల్ల పల్లవినుంచి మళ్ళీ ఎత్తుకుంది. ఆయనకి ఇదేదో బాగుందనిపించి ఇంకో రెండుసార్లు కావాలనే తుమ్మారు. సంబంధమైతే కుదిరింది కాని, ఆ కీర్తనకి చరణం ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అరుంధతి సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు ఆఫీసులో టెస్టరు. కొత్త ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం పని. భర్త శ్రీనాథ్, కూతురు దీక్షిత, మామగారు సుధాకరరావు, నలుగురూ టాంపినీస్‌లో తొమ్మిదో అంతస్తులో ఉంటారు. పొద్దున్న ఫీడర్ బస్సు, ఎక్స్‌పో దాకా ఎంఆర్‌టీ రైలు, సాయంత్రం అదే దారి వెనక్కి.

మనసు మాత్రం చిన్నప్పటినుంచీ మరోచోట ఉండేది. ఓడల్లో పనిచేసే మేనమామ ఒకసారి గ్వాటెమాలానుంచి రంగుల కార్డు పంపాడు. కనుచూపుమేరా పచ్చటి అడవి, ఆ చెట్ల నెత్తిమీంచి తొంగిచూస్తున్న రాతి గోపురాలు. వెనక ఒకే వాక్యం: “ఈ అడవి కింద పెద్ద ఊరుందిట, అమ్మాయ్.” అడవి కింద ఊరేమిటో, అందులో ఎవరుండేవారో, వాళ్ళు ఏం వండుకున్నారో, ఆ పిల్లకి నిద్రపట్టేది కాదు. తవ్వకాల చదువు చదువుతానంది. “తవ్వడానికి గ్వాటెమాలా ఎందుకు? మన కొబ్బరితోటలో చాలినంత పని ఉంది,” అని తండ్రి ఎంసెట్ కోచింగుకి పంపాడు.

అలాంటి అరుంధతి రోజూ వెళ్ళే దారిలో ఒకనాడు పెద్ద పోస్టరు వెలిసింది. ఊరి మధ్యలో ఉన్న ఒక మ్యూజియంవాళ్ళు ఆ గ్వాటెమాలా అడవుల్లోని ప్రాచీన మాయా జాతి నగరాల మీద ప్రదర్శన పెడుతున్నారు, జీతంలేని గైడ్లు కావాలి. ఆమె ఎక్కవలసిన బస్సు కళ్ళముందే వెళ్ళిపోయింది.

శనివారాలన్నీ శిక్షణకే పోయాయి. మాయావాళ్ళ సున్నా, గవ్వ ఆకారంలో ఎలా వేసేవారో నేర్చుకుంది. బంతాట, పంచాంగం, రాజుల పేర్లు, గుడి మెట్లు, ఏదీ వదల్లేదు. అన్నీ పేజీలవారీగా ఒక స్క్రిప్టు రాసుకుని బట్టీ పట్టేసింది. రాతపరీక్షలో ఆమెదే మొదటి స్థానం. ఇక చివరిది ఒక్కటే మిగిలింది. ప్రధాన గైడు మేడమ్ చియాని విజిటర్‌ అనుకుని హాలంతా తిప్పి చూపించాలి. అది నెగ్గితేనే మెడలో గైడు బ్యాడ్జి.

మేడమ్ చియా సింగపూర్‌లోనే, టోవా పాయోలో పుట్టి పెరిగిన మనిషి, రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. చూడటానికి చీపురుపుల్లలా ఉంటుంది కాని, నవ్విందంటే అవతలి గదిలో అద్దాలు గలగలలాడతాయి. ఆవిడతో మాటలన్నీ ఇంగ్లీషులోనే. మన సౌకర్యం కోసం ఇక్కడ తెలుగులో వినిపిస్తాయి. మాట చివర తగిలించే ‘లా’ మాత్రం ఆ ఊరివాళ్ళ అలవాటు, దానికి తెలుగు లేదు.

అరుంధతి గుమ్మం దగ్గర నిలబడి, “అందరికీ స్వాగతం. నా పేరు అరుంధతి,” అని మొదలుపెట్టి గుక్కతిప్పుకోకుండా సాగిపోయింది. వేలు నాలుకకి తాకించి రెండో పేజీలోకి వెళ్ళింది. మూడో పేజీలో ఉండగా మేడమ్ చియా చెయ్యెత్తింది.

“ఒక్క మాట. ఇంత గొప్ప ఊరు ఎందుకు వదిలేసి వెళ్ళారు?”

“అది తర్వాత వస్తుంది మేడమ్, తొమ్మిదో పేజీలో.”

“విజిటర్‌కి పేజీలేం తెలుసు లా? నేను ఇప్పుడే అడుగుతున్నాను.”

దారం తెగింది. అరుంధతి గుమ్మందాకా వెనక్కి నడిచి, “అందరికీ స్వాగతం. నా పేరు అరుంధతి,” అంది.

రెండోసారి ఎవరో టూరిస్టు దారి అడిగాడు. మూడోసారి మేడమ్ చియా ఫోను మోగింది. ఆ పూట ఆవిడకి దొరికినన్ని స్వాగతాలు విమానాశ్రయంలో మంత్రులకి కూడా దొరకవు.

“ఈ హాల్లో ఉన్నవాటి గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు,” అంది ఆవిడ చివరికి, బెంచీమీద కూలబడి. “కాని నువ్వు నాతో మాట్లాడలేదు. మా బ్లాకులో లిఫ్టు కూడా ‘తలుపులు మూసుకుంటున్నాయి’ అని చక్కగా చెప్తుంది. దాన్ని నేను గైడుగా పెట్టుకోను కదా. వచ్చే ఆదివారం ఇంకొక్క అవకాశం, ఈసారి నిజం విజిటర్లతో. ఆ మర్నాడు గైడ్ల పేర్లు ఖాయం చేసేస్తాను.”

ఆ రాత్రి భోజనాల దగ్గర అరుంధతి పప్పులో నెయ్యి వేసుకోవడం మర్చిపోయింది. ఆ ఇంట్లో అది అంబులెన్సుకి ఫోను చెయ్యవలసినంత విషయం. శ్రీనాథ్ కంగారుగా ఏమైందని అడిగాడు. అంతా చెప్పింది.

“ఓస్, ఇంతేనా?” అన్నారు సుధాకరరావు, ఆవకాయ బద్ద చప్పరిస్తూ. భీమవరంలో ఇంగ్లీషు మాస్టారుగా చేసి, పాఠంలో లేని కథలు చెప్పినందుకు ఇన్‌స్పెక్టరు చేత చివాట్లు తిన్న మనిషి ఆయన. “ప్రశ్నలకి భయమైతే ఆ ప్రశ్నలే మన చేతిలో పెట్టుకుందాం.”

“అంటే ఏమిటి మావయ్యగారూ?”

“గెస్ పేపరమ్మాయ్! నేనూ దీక్షితా ముక్కూమొహం తెలియని విజిటర్లలా వస్తాం. నీ స్క్రిప్టులో ఏది ఎక్కడ వస్తుందో, సరిగ్గా దానికి ముందు ఆ ప్రశ్నే అడుగుతాం. మేం అడుగుతుంటే ఇంకెవరికీ అడిగే సందు దొరకదు. నీ దారం తెగదు.”

“తాతయ్యా, దట్స్ చీటింగ్ లా,” అంది దీక్షిత.

“చీటింగ్ కాదే, సహకారం.”

“మరి నాకు వేషం లేదా నాన్నా?” అన్నాడు శ్రీనాథ్.

“నీ మొహంలో అబద్ధం నిలవదురా. నువ్వు ఇంట్లో ఉండి పులిహోర కలుపు.”

అరుంధతి వద్దనే అనుకుంది. కాని ఆదివారం దాటితే ఆ హాల్లోకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి, ఇంకెవరో చెప్తుంటే వెనక నిలబడి వినాలి. ఆ ఊహే మింగుడు పడలేదు. సరేనంది.

వారమంతా సోఫా పిరమిడ్ అయింది, ఫ్రిజ్ బంతాట మైదానం అయింది. సుధాకరరావుకి మూడు ప్రశ్నలు ఇచ్చారు. పిరమిడ్ లోపల ఏముంది, బంతాట గోడకి ఆ రాతి రింగు ఎందుకు, ఊరు ఎందుకు వదిలేశారు. ఆయన నాలుగోది తనంతట తాను చేర్చబోయారు.

“మయసభ కట్టిన మయుడు ఈ ఊరివాడేనా అని అడుగుతానమ్మాయ్.”

“దానికీ దీనికీ ఏ సంబంధం లేదని మీకు ఎన్నిసార్లు చెప్పాను మావయ్యగారూ!”

“సంబంధాలదేముంది, కలిపితే కలుస్తాయి. మీది కలపలా?”

దీక్షిత సోఫామీద బాసింపట్టు వేసుకుని అంతా విని, “అమ్మా, యూ సౌండ్ లైక్ ఎంఆర్‌టీ అనౌన్స్‌మెంట్. మైండ్ ద గ్యాప్ అనడం ఒక్కటే తక్కువ,” అంది.

ఆదివారం వచ్చింది. మేడమ్ చియా చుట్టూ చిన్న గుంపు. ఒక మలయ్ దంపతులు, ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు, గుడ్డసంచీ పట్టుకున్న ఒక చైనీస్ పెద్దావిడ. అందరికంటే ముందు నల్లకళ్ళద్దాలు, గడ్డిటోపీ, మెడలో శ్రీనాథ్ కెమేరాతో సుధాకరరావు. అడగనివాళ్ళకి కూడా, “ఐ యామ్ మిస్టర్ రావ్, ఫ్రమ్ మారిషస్,” అని చెప్పుకుంటున్నారు. దీక్షిత ఆయన్ని ఈ జన్మలో ఎరగనట్టు స్తంభం చాటున నిలబడింది. అందులో నటన ఏమీ లేదు.

అరుంధతి గుమ్మం దగ్గర ఊపిరి పీల్చుకుని నోరు తెరవబోయింది.

“ఆగు,” అంది మేడమ్ చియా. “ముందు హాల్లో దీపాలు మారుస్తున్నారు, నిచ్చెనలు అడ్డంగా ఉన్నాయి. ఇవాళ అవతలి చివరనుంచి మొదలుపెడదాం.”

అవతలి చివరంటే వంటింటి సామాన్లు. కుండలు, రుబ్బురాళ్ళు, గిన్నెలు. అరుంధతి స్క్రిప్టులో ఆఖరి పేజీలో, ఆఖరి పేరా. అక్కడినుంచి వెనక్కి చెప్పడమంటే కీర్తన చివరి అక్షరంనుంచి పాడటమే.

గుంపు ఆ అద్దాల బీరువా ముందు ఆగింది. సుధాకరరావుకి ఈ మార్పులేవీ పట్టలేదు. ఆయన తన పాఠం తాను బట్టీ పట్టి వచ్చారు. గొంతు సవరించుకుని, “ఎక్స్‌క్యూజ్ మీ మేడమ్! ఈ పిరమిడ్ లోపల ఏముంది?” అన్నారు.

ఎదురుగా ఉన్నది ముంతకంటే కాస్త పెద్దదైన రంగుల కుండ.

“అంకుల్, ఆ నల్లద్దాలు తియ్యి,” అంది చైనీస్ పెద్దావిడ. “పిరమిడ్ కాదు, కుండ లా.”

సుధాకరరావు బెదిరే రకం కాదు. “కుండలోపల ఏముందనే నేనూ అడుగుతున్నాను,” అన్నారు.

అందరూ అరుంధతి వైపు తిరిగారు. ఆమె అలవాటుగా, మొదటినుంచి రావడానికి, గుమ్మం వైపు వెనక్కి నడిచింది. గుమ్మం ఇటువైపు లేదు. వీపుకి గోడ తగిలింది.

గోడకి ఆనుకుని ఆ కుండనే చూసింది. కుండమీద ఒక స్త్రీ బొమ్మ. నిలబడి, గుండెల ఎత్తున ఒక పాత్ర వంచి, కింద నేలమీదున్న ఇంకో పాత్రలోకి ఏదో సన్నటి ధారగా పోస్తోంది. స్క్రిప్టులో ఈ బొమ్మకి ‘పానీయం తయారుచేస్తున్న మహిళ’ అన్న మూడే ముక్కలున్నాయి. కాని ఆ బొమ్మలో భుజం వంపు, పైచెయ్యి బిగువు, ధార తెగకుండా కిందికే చూస్తున్న ఆ చూపు, అరుంధతి రోజూ పొద్దున్నే కాఫీ తిరగబోసేటప్పుడు తన ఒంట్లో ఎరిగినవే. నురగ లేకపోతే మావయ్యగారు కాఫీ ముట్టరు. ఆమెకి తెలియకుండానే కుడిచెయ్యి పైకి లేచింది, ఎడమచెయ్యి కిందికి దిగింది.

“లోపల… చాక్లెట్,” అంది. “ఆవిడ చల్లార్చడం లేదు, నురగ తెప్పిస్తోంది.”

ఆ మాటకి పేజీ నంబరు లేదు.

“టే తారిక్!” అని మలయ్ ఆయన పెద్దగా అరిచాడు. మూలనున్న గార్డు ఉలిక్కిపడి చూశాడు. “మన స్టాల్లో టీ లాగినట్టే కదా ఇది!”

“అచ్చంగా అంతే,” అంది అరుంధతి. “ఎంత ఎత్తునుంచి పోస్తే అంత నురగ. వాళ్ళకి నురగే ప్రాణం. కాని పాలు లేవు, పంచదార లేదు. ఒక్కోసారి మిరపకాయ వేసేవాళ్ళు.”

“చాక్లెట్‌లో మిరపకాయా!” అంది మలయ్ ఆవిడ.

“మంచి ఊరే,” అన్నారు సుధాకరరావు, గుంటూరునుంచి అప్పుడే దిగినట్టు.

కాలేజీ కుర్రాళ్ళలో ఒకడు అడ్డు తగిలాడు. “నురగ రావాలంటే కవ్వంలాంటి కర్రతో చిలకాలి కదా? వీడియోలో చూశాను.”

దారం తెగవలసిన చోటు అదే. తెగలేదు. తెగడానికి అక్కడ దారమే లేదు, కుండ ఉంది, కుర్రాడు ఉన్నాడు. “ఆ కర్ర స్పెయిన్‌వాళ్ళు వచ్చిన తర్వాతిదని పరిశోధకులు అంటారు,” అంది అరుంధతి. “ఈ కుండ అంతకంటే ఎన్నో వందల ఏళ్ళ కిందటిది. పాపం ఆవిడకి ఉన్నవల్లా రెండు చేతులు, కాస్త ఎత్తు.”

“ఎంత ఎత్తు?” అన్నాడు మలయ్ ఆయన. ఇంత అని గాలిలో లాగి చూపించాడు. అది చాలదని సుధాకరరావు టోపీ తీసి పక్కన పెట్టి, లేని గ్లాసు తలమీదికెత్తి, లేని కాఫీ మోకాళ్ళ దగ్గరికి పోశారు. చైనీస్ పెద్దావిడ ఇద్దరి మధ్యా నిలబడి, “అంకుల్, నువ్వు ఒలకబోశావు,” అని తీర్పు చెప్పింది. గుంపంతా నవ్వులు. గార్డు కూడా ఒకడుగు ముందుకొచ్చాడు.

నవ్వు ఆగాక ఆ పెద్దావిడే బీరువాలోని గిన్నెలన్నీ ఒకసారి చూసి అడిగింది. “ఇవన్నీ కడగాలి కదా. అంత పెద్ద ఊరికి నీళ్ళెక్కడివి? నది ఉందా?”

అరుంధతి స్క్రిప్టులో నీళ్ళ ఊసు ఏడో పేజీలో, గుడి కొలతల తర్వాత ఉంది. అక్కడిదాకా వెళ్ళవలసిన పని లేకపోయింది. “నది లేదు, ఆంటీ. టికాల్ అన్న ఊళ్ళో గుళ్ళముందు మైదానాలు సున్నంతో గచ్చు చేసి, ఒకవైపు వాలుగా కట్టారు. పడ్డ వాన పడ్డట్టు చెరువుల్లోకి పోయేది. మన బెడోక్ రిజర్వాయరుకి వాన ఎలా చేరుస్తామో అలాగే.”

“నా చిన్నప్పుడు ఇక్కడ నీళ్ళకి రేషన్,” అంది పెద్దావిడ. “బకెట్లు పట్టుకుని రోడ్డుమీద నిలబడేవాళ్ళం. మరి వాళ్ళకి వానలు రాకపోతే?”

ఊరెందుకు వదిలేశారని మేడమ్ చియా ఆరోజు అడిగిన ప్రశ్నే ఇది, వేరే రూపంలో. ఎవరూ చెప్పి పంపకుండా, గుడ్డసంచీ పట్టుకుని దానంతట అదే నడిచొచ్చింది.

“చాలా ఏళ్ళు సరిగా రాలేదు,” అంది అరుంధతి. “రాజులు ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. తిండి చాల్లేదు. ఏ ఒక్కదాన్నీ కారణమని చెప్పలేం, పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. రాత్రికి రాత్రి మాయమైపోలేదు. ఈ తరంలో ఒక ఇల్లు, వచ్చే తరంలో ఇంకో ఇల్లు, సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. ఖాళీ అయినవి ఊళ్ళే, మనుషులు కాదు. వాళ్ళ మునిమనవలు ఇప్పటికీ అక్కడే లక్షలమంది ఉన్నారు, ఆ భాషలే మాట్లాడుకుంటున్నారు. పోయిన నగరాలని మనం అంటాం గాని, అవి పోయింది మనకే, వాళ్ళకి కాదు.”

ఆమె వాళ్ళని పక్క గోడమీదున్న పెద్ద పటం దగ్గరికి తీసుకెళ్ళింది. విమానంలోంచి లేజరు కిరణాలు కురిపించి, కంప్యూటర్లో చెట్లన్నీ తీసేసిన పటం అది. అడవి కింద వీధులు, గట్లు, అరుగులు, ఎవరో ముగ్గు పెట్టి మర్చిపోయినట్టు కనిపిస్తున్నాయి. స్తంభం చాటునుంచి దీక్షిత ఎప్పుడు వచ్చిందో, అందరినీ తోసుకుని ముందుకొచ్చి పటానికి ముక్కు ఆనించినంత పని చేసింది.

“అమ్మా! అంటే ఇంకా దొరకని ఊళ్ళు కూడా ఉన్నాయా?”

తెలుగులో, గొంతెత్తి, సహకారం సంగతి పూర్తిగా మర్చిపోయి.

వీధివీధినా తమిళం వినిపించే సింగపూర్‌లో అమ్మా అన్నమాట ఎవరికి తెలియదు? మేడమ్ చియా తల తిప్పి దీక్షితని చూసింది, అరుంధతిని చూసింది, తర్వాత నెమ్మదిగా మారిషస్ మిస్టర్ రావుని చూసింది. ఆయన నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు.

“తప్పు నాదే మేడమ్,” అంది అరుంధతి. మొహం జేవురించింది. “ప్రశ్నలు నేనే ఇచ్చాను.”

“ఎన్ని?”

“మూడు.”

“వాటిలో ఎన్నింటికి నువ్వు రాసుకున్న జవాబు చెప్పావు?”

అరుంధతి వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. “ఒక్కదానికీ చెప్పలేదు మేడమ్.”

“అదే నేనూ చూశాను,” అంది మేడమ్ చియా. “కుండముందు నిలబడి పిరమిడ్ అన్నప్పుడే ఈ పెద్దమనిషి నీ మనిషని తెలిసింది. ఆపేద్దామనుకున్నాను. ఇంతలో నువ్వు చేతులెత్తి చాక్లెట్ పొయ్యడం మొదలుపెట్టావు.” హాలు వైపు చెయ్యి చూపించింది. “సగం హాలు చూపించనేలేదు, తెలుసా?”

“కుండ దగ్గరే ఆలస్యమైపోయింది మేడమ్.”

“ఎవరైనా వెళ్ళిపోయారా?”

వెనక్కి చూస్తే ఎవరూ వెళ్ళలేదు సరికదా, గుంపు రెండింతలైంది. ఎవరో కొత్తవాళ్ళు కూడా నిలబడ్డారు. మలయ్ ఆయన, సుధాకరరావు, గార్డు ముగ్గురూ గాలిలో ఎవరి ఎత్తున వాళ్ళు పోసుకుంటున్నారు.

మేడమ్ చియా నవ్వింది. బీరువాల అద్దాలు గలగలలాడాయి. “ఈసారి మీ మామగారు వస్తే టిక్కెట్టు కొనుక్కుని, సొంత దేశం పేరు చెప్పి రమ్మను,” అంటూ తన సంచీలోంచి బ్యాడ్జి తీసి అరుంధతి మెడలో వేసింది. “నీ తర్వాతి గుంపు గుమ్మం దగ్గర ఎదురుచూస్తోంది. వెళ్ళు.”

“ఇప్పుడేనా? నిచ్చెనలు తీసేశారా మేడమ్? ఎక్కడినుంచి మొదలుపెట్టను?”

“నన్నడుగుతావేం? వాళ్ళనడుగు.”

గుమ్మం దగ్గర పసుపు టీషర్టులు వేసుకుని, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, కిండర్‌గార్టెన్ పిల్లలు రైలులా నిలబడి ఉన్నారు. అరుంధతి వాళ్ళ ఎత్తుకి గొంతుక్కూర్చుంది.

“ముందు ఏం చూద్దాం?”

“పుర్రె!” అన్నాడొకడు. “బాల్ గేమ్!” అంది ఇంకో పిల్ల. “డైనోసార్!” అన్నాడు మూడోవాడు. చిట్టచివరనున్న బుడతడు కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, “టాయిలెట్,” అన్నాడు.

“సరే, మొదట టాయిలెట్,” అంది అరుంధతి, వాడి చెయ్యి అందుకుని లేస్తూ. “దారిలో వాళ్ళ చెరువుల సంగతి చెప్తాను, పదండి.”